వడ్డీనిబట్టి అసలు నెఱుగుట: పామరు కొఠీయు, మన నిధియు

గత వార్షికసభలో విద్యార్థి వసతిగృహనిధి ప్రస్తావన వచ్చినపుడు సభ కొంతసేపు నిశ్శబ్దమైపోయిన సంగతి చాలమందికి జ్ఞాపకముండును. ఆ నిధిలో పెద్దభాగమును మన పెద్దలు నమ్మి యొక సహకారబ్యాంకులో దాచిరి. ఆ బ్యాంకు మూతబడినది. దాని పేరు చెప్పుట యిచట అనవసరము. చెప్పకున్నను వినువారికి తెలియును. తరువాత లిక్విడేటరు వచ్చెను. ఏటేట ఒక కాగితము వచ్చుచున్నది. అందు ఆ సంవత్సరము వచ్చిన వడ్డీ యింతయని యొక్క అంకె యుండును. ఆ వడ్డీని పుట్టించు సొమ్మెంతయో చెప్పు పంక్తి మాత్రము కానరాదు. అపుడొక వృద్ధుడు, కొబ్బరితోట రాబడిలో నేటేట కొంత సంఘమునకు చందాగా నిచ్చుచు వచ్చినవారు, లేచి, “మాస్టారూ! వడ్డీ తెలిసినప్పుడు అసలు తెలియదాండీ? మీరు పిల్లలకు చెప్పిన లెక్కే కదా!” యని యడిగిరి.

మేమప్పుడు తగిన సమాధాన మీయలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బాకీని తీర్చుకొనుట కొఱకు వ్రాయబడినది.

ప్రశ్న చిన్నది కాదు, క్రొత్తదియు కాదు. రెండువందల యేండ్లక్రింద మన గోదావరి సీమ సొమ్మును గూర్చియే, మూతబడిన యొక కొఠీ బాకీ కొఱకే, ఈ లెక్క రాజ్యముల మధ్య నడచినది. ఆ కథ చెప్పుటకు ముందు లెక్క పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పుదుము.

మన ధర్మశాస్త్రములలో న్యాయమైన వడ్డీ యెంతయను ప్రశ్నకు వసిష్ఠుని పేర నొక సమాధానము ప్రసిద్ధము: నెలకు అసలులో ఎనుబదవ వంతు. మనువును దీనినే చెప్పెను. యాజ్ఞవల్క్యుడు తాకట్టున్న అప్పునకు దీనిని విధించెను. కౌటిల్యుని అర్థశాస్త్రములోని ధర్మవడ్డీయు నిదియే. ఎనుబదవ వంతనగా నూటికి ఒకటింబావు. మన కోనసీమలో ప్రోనోటు వ్రాయునపుడు “రూపాయి పావలా వడ్డీ” యని చెప్పుకొనునది సరిగా ఆ వసిష్ఠుని వడ్డీయే. సంవత్సరమునకు నూటికి పదునైదు. శాస్త్రము చదువని కొబ్బరి వర్తకుడును శాస్త్రోక్తమైన రేటుననే అప్పు పెట్టుచున్నాడని మేము మా సంస్కృత విద్యార్థులకు చెప్పి నవ్వుకొనెడివారము.

వడ్డీ రేటు తెలిసి, కాలము తెలిసి, వడ్డీ తెలిసినచో అసలు తెలియుట పంచరాశిక న్యాయమున సాధ్యము. క్రీ.శ. 1150 ప్రాంతమున భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో ఇంతకన్న కష్టమైన లెక్క యొకటి కలదు. నెలకు నూటికి అయిదు వడ్డీ. సంవత్సరాంతమున అసలును వడ్డీయు కలిసి వేయి. రెంటిని విడదీయుడని ప్రశ్న. అసలు 625, వడ్డీ 375 అని సమాధానము. అంతకు మూడువందల యేండ్ల పూర్వమే రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడను జైనపండితుడు గణితసారసంగ్రహములో మిశ్రకవ్యవహారమను ప్రకరణమున ఇట్టి వడ్డీ లెక్కలను కూర్చెను. దానిని తెలుగుపద్యములలోనికి తెచ్చినవాడు పావులూరి మల్లన. తెలుగున శాస్త్రగ్రంథములకు ఆద్యమైనది వడ్డీ లెక్కలు చెప్పు గణితగ్రంథమగుట మనకు గర్వకారణమే. తాటిపాకలో జైనావశేషములున్నవని గోదావరి మండల చరిత్ర వ్రాసినవారు పేర్కొనిరి. ఆ జైనవర్తకులు ఇచట ఏ లెక్కలు వేసికొనిరో చెప్పజాలము గాని, మహావీరుని లెక్కలు ఈ మన్నునకు పరాయివి కావని మాత్రము తలపవచ్చును.

ఇక ప్రకృతము. శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అను అయిదింటిని ఉత్తరసర్కారులందురు. మన కోనసీమ రాజమహేంద్రవరపు సర్కారులోనిది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాచే ఈస్టిండియా కంపెనీవారు ఈ సర్కారులను పొందిరి. కాని దక్కను సుబేదారైన నిజాము ఒప్పుకొననిది కార్యము సాగదు గావున, 1766 నవంబరులో నిజామలీఖానుతో సంధి చేసికొని ఏటేట పేష్కషు చెల్లింప నంగీకరించిరి. ఆ మొత్తము కొన్ని మార్పులు పొంది తుదకు సంవత్సరమునకు ఏడు లక్షల రూపాయలుగా నిలిచినది. అనగా మన రైతు చెల్లించిన శిస్తులో నొక పాలు కంపెనీ ఖజానామీదుగా హైదరాబాదు చేరుచుండెడిది.

అదే హైదరాబాదులో 1814 ప్రాంతమున విలియం పామరు కంపెనీ యను కొఠీ వెలసెను. విలియం పామరు 1780లో జన్మించినవాడు. తండ్రి జనరల్ పామరను ఆంగ్ల సేనాని. తల్లి ఫైజ్‌బక్ష్ బేగమను మొగలాయి కులీనస్త్రీ. అతడు నిజాము సైన్యమున కొలువుచేసి, అది విడిచి వర్తకమునకు దిగెను. తమ్ముడు హేస్టింగ్సు పామరును, బంకటీదాసను గుజరాతీ సాహుకారును భాగస్వాములు. 1815లో సర్ విలియం రంబోల్డు చేరెను. ఇతడు పూర్వము మద్రాసు గవర్నరై, మన సర్కారుల జమీందారులను మద్రాసునకు రప్పించి పేరుపొందిన సర్ థామస్ రంబోల్డునకు మనుమడు. గవర్నరు జనరలైన హేస్టింగ్సు ప్రభువు సంరక్షణలో పెరిగిన కన్యను వివాహమాడినవాడు. ఈ చుట్టఱికము కొఠీకి కవచమైనది. బ్రిటిషు ప్రజలు దేశీయ సంస్థానాధీశులకు అప్పులీయరాదని 1797లో పార్లమెంటు శాసించియుండగా, గవర్నరు జనరలు అనుమతితో ఇయ్యవచ్చునను సందును పట్టుకొని 1816లో ఆ యనుమతి సంపాదించిరి.

తరువాత జరిగినది ఊహింపవచ్చును. నిజాము ప్రభుత్వమునకు ఎప్పుడును రొక్కము కొఱతయే. వ్యవహారము నడపు రాజా చందూలాలు సైన్యపు జీతముల కొఱకు పామరు కొఠీని ఆశ్రయించెను. వడ్డీ సంవత్సరమునకు నూటికి ఇరువదినాలుగు, ఇరువదియైదు వఱకు. వడ్డీ తీఱక అసలులో చేరును. అసలు పెరిగి వడ్డీని పెంచును. 1820లో అఱువది లక్షల అప్పొకటి మంజూరైనది. ఆ యేటి తుదను రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్కాఫ్ లెక్కలు తెఱచి చూచి, ఆ యఱువదిలో ఎనిమిది లక్షలు భాగస్వాములకు బోనసుగా ముందే మినహాయింపబడినవని బయలుపెట్టెను.

ఇచట పాఠకు లొక్క క్షణమాగి లెక్క చూడవలెను. అఱువది లక్షలకు వడ్డీ వసూలగుచున్నది. చేతికి వచ్చినది ఏబదిరెండు. కాగితముమీద రేటు ఎంతయైనను కానిండు, నిజమైన రేటు దానికి అఱువది ఏబదిరెండవ వంతులు, అనగా దానికన్న నూటికి పదునైదువంతుల కధికము. వడ్డీని చూచి, వ్రాసిన రేటును నమ్మి, అసలును కట్టువాడు అఱువది యనును. నిజము ఏబదిరెండు. వడ్డీ లెక్కలో మొదటి గుంట ఇదియే.

మెట్కాఫ్ ఊరకుండలేదు. కంపెనీ హామీతో నూటికి ఆఱు వడ్డీకి అప్పు తెచ్చి పామరు బాకీని తీర్చివేయుదమని సూచించెను. హేస్టింగ్సు ప్రభువునకు ఈ యాలోచన రుచింపలేదు. 1823 ఆరంభమున ఆయన దేశమును విడిచిన పిదప, తాత్కాలిక గవర్నరు జనరలు జాన్ ఆడమ్ పామరు కొఠీ వ్యవహారములను నిషేధించెను. బాకీ మాత్రము నిలిచియున్నది. దానిని దేనితో తీర్చుట? అపుడు కంపెనీవారి దృష్టి మన సర్కారుల పేష్కషుమీద పడినది. నిజాము సికందర్ జాకు ఏటేట ఈయవలసిన ఏడు లక్షలను శాశ్వతముగా రద్దుచేసికొని, దానికి బదులుగా ఒక్కసారిగా కోటి పదునాఱు లక్షల అఱువదియాఱువేల ఆఱువందల అఱువదియాఱు రూపాయలు కట్టిరి. అది పామరు కొఠీ బాకీ తీర్చుటకు వినియోగమైనది.

ఈ 1,16,66,666 అను అంకె ఎచటనుండి వచ్చినదో చరిత్ర పుస్తకములు తఱచు చెప్పవు. మా పాఠశాలలో అయిదవతరగతి బాలుడు చెప్పును. ఏడు లక్షలను నూటితో గుణించి ఆఱుతో భాగింపుడు. ఇదే వచ్చును, తుదను మిగులు భిన్నము పదియణాల ఎనిమిది పైసలు. అనగా పేష్కషును వడ్డీగా భావించి, రేటు నూటికి ఆఱుగా గ్రహించి, ఆ వడ్డీ నీయగల అసలును కట్టిరి. మెట్కాఫ్ సూచించిన రేటును అదియే. ఎవరైన చరిత్రకారుడు పొరపాటున ఒక స్థానము తగ్గించి పదునొకండు లక్షల చిల్లర యని వ్రాసినచో, ఏ దస్తావేజును చూడకయే తప్పని చెప్పవచ్చును. ఏలయన ఏటికి ఏడు లక్షలిచ్చు హక్కును పదునొకండు లక్షలకు అమ్ముకొను ఉన్మత్తుడుండడు, అది నూటికి అఱువది వడ్డీ యగును. వడ్డీనుండి అసలును కట్టు విద్య చరిత్రకారునకు ఇట్లు ఉపకరించును.

మఱియొక విధముగా చూడుడు. అదే ఏడు లక్షలకు వసిష్ఠుని రేటున, అనగా సంవత్సరమునకు పదునైదున, అసలు 46,66,666 మాత్రమే. పామరు కొఠీవారి ఇరువదినాలుగు రేటున అది 29,16,666. ఆఱు రేటున కోటి పదునాఱు లక్షలు. వడ్డీ ఒక్కటే, రేటును బట్టి అసలు నాలుగింతలు మాఱినది. రేటు చెప్పక వడ్డీ మాత్రము చెప్పుట యనగా అసలు చెప్పకపోవుటయే.

పామరు కొఠీ బాకీ వసూలైనను కొఠీ నిలువలేదు. 1824లో మూతబడినది. ఆ యేడే డైరెక్టర్లు హైదరాబాదు కాగితములను అచ్చొత్తించిరి. 1825లో లండనులో వాటిపై దీర్ఘమైన చర్చ జరిగెను. రంబోల్డు 1833లో మరణించెను. పామరు మాత్రము హైదరాబాదులోనే చిరకాలము జీవించి 1867లో మృతినొందెను. ప్రసిద్ధ నవలాకారుడు మెడోస్ టేలరు ఆయన అల్లుడు. పెద్దల కథలు ఇట్లు ముగిసినవి. మన సర్కారుల పేష్కషు కథయు ముగిసినది: గోదావరి రైతు సొమ్ము ఏబది యేండ్లకు పైగా ఏటేట హైదరాబాదు చేరి, తుదకు ఒక వడ్డీ వ్యాపారపు కొఠీ పద్దులలో కలిసిపోయినది.

పేష్కషు లెక్క అంత నిష్కర్షగా ఎందుకు వచ్చినది? రేటు ఒప్పుకొనబడినది, ఏడాదికి ఏడు లక్షలు హెచ్చుతగ్గులు లేక వచ్చుచున్నవి, మధ్యలో అసలులో చేరునది లేదు, తీయునది లేదు. మన లిక్విడేటరు నిధికి ఈ గుణములలో ఒక్కటియు లేదు. ఈ భేదమును మఱువరాదు.

ఎనుబది యేండ్ల తరువాత మద్రాసున జరిగిన యింకొక పతనము మన విషయమునకు మఱింత చేరువ. 1810లో పుట్టిన ఆర్బత్నాటు కంపెనీ దక్షిణదేశమున అన్నిటికన్న దృఢమైనదని పేరుపొందినది. దొరలు, ఉద్యోగులు, పింఛనుదారులు, మన దేశీయులు తమ జీవితకాలపు సొమ్మును అందు దాచిరి. 1906 అక్టోబరు 22వ తేదీన అది దివాలాకోర్టు నాశ్రయించెను. లండనులో దాని వ్యవహారములు నడపు మేక్‌ఫేడియను అంతకు రెండుదినముల ముందే ఆత్మహత్య చేసికొనియుండెను. సర్ జార్జి ఆర్బత్నాటునకు పదునెనిమిది మాసముల కఠినశిక్ష పడినది. అప్పులవారి పక్షమున పనిచేసిన న్యాయవాది వి. కృష్ణస్వామయ్యరుగారు ఆ యేడే మైలాపూరులో సంస్కృతకళాశాలను స్థాపించినవారు గావున మాకు వారియెడ ప్రత్యేకాదరము కలదు. వారి పూనికచేతనే 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకు తలుపులు తెఱచినది.

ఆర్బత్నాటు ఆస్తులన్నియు ఆఫీషియల్ అసైనీ యను కోర్టు ఉద్యోగి చేతికి వెళ్లినవి. 1848నాటి దివాలాచట్టము అప్పటికి అమలులో నుండెను. 1909లో క్రొత్త చట్టము వచ్చినది. ఆ కాలమున కోర్టు సొమ్మును ధర్మకర్తల సొమ్మును దాచుటకు ప్రసిద్ధమైన స్థలము సర్కారు మూడున్నర వడ్డీ కాగితము. అట్టి కాగితములనుండి మూడువేల ఐదువందలు వడ్డీ వచ్చినదని వినినవాడు లక్ష రూపాయల కాగితము లున్నవని తడుముకొనక చెప్పవచ్చును. కాని ఆ లక్ష ముఖవిలువ; బజారు విలువ కాదు. ప్రథమ ప్రపంచయుద్ధకాలమున ఆ కాగితముల ధర ముఖవిలువకు చాల దిగువకు పడిపోయినది. వడ్డీ మాత్రము మునుపటివలెనే మూడువేల ఐదువందలు వచ్చుచునే యుండెను. వడ్డీని చూచి లక్ష యున్నదనుకొన్నవాడు దానిని అమ్మి పంచబోవునపుడు నిర్ఘాంతపోవును.

ఇక మన ప్రశ్నకు వత్తము. అంబాజీపేట వర్తకుడు తోటలో ఒక దింపునకు ఎన్ని కాయలు దిగినవో విని చెట్లెన్నియో ఉజ్జాయింపుగా చెప్పును. కాని కాపునకు రాని మొక్కలున్నవా, గొడ్డుచెట్లున్నవా, ఈ దింపు ఒక్కటియేనా, గతసారి తీయని కాయలును కలిసినవా యని అడుగక చెప్పడు. లిక్విడేటరు వడ్డీని చదువుటయు ఇట్టిదే.

ఈ క్రింది అంకెలు మేము లెక్క చెప్పుటకు కల్పించినవి. మన బ్యాంకువి కావు. ఒక సంవత్సరమున వడ్డీ మూడులక్షల ఏబదివేలు వచ్చినదనుకొందము. డిపాజిటు రేటు ఏడైనచో అసలు ఏబది లక్షలు. పాతకాలపు డిపాజిటై రేటు అయిదైనచో డెబ్బది లక్షలు. ఇంతవఱకు సులభము. కాని ఏబది లక్షలనునది సంవత్సరము పొడుగున నున్న సగటు నిలువయే గాని సంవత్సరాంతపు నిలువ కాదు. సంవత్సరారంభమున ఇరువది లక్షలుండి, సరిగా ఆఱు మాసములకు బ్యాంకు భవనమమ్మగా అఱువది లక్షలు వచ్చి చేరినవనుకొనుడు. ఇరువది లక్షలకు సంవత్సరపు వడ్డీ లక్షా నలువదివేలు. అఱువది లక్షలకు ఆఱుమాసముల వడ్డీ రెండులక్షల పదివేలు. మొత్తము మూడులక్షల ఏబదివేలే. సంవత్సరాంతమున చేతిలో ఎనుబది లక్షలున్నవి. దీనిని తలక్రిందు చేసి చూడుడు. ఆరంభమున ఎనుబది లక్షలుండి, నడుమ అఱువది పంచివేయగా ఇరువదియే మిగిలినది; అప్పుడును వడ్డీ అదే మూడులక్షల ఏబదివేలు. ఒక్క అంకెకు ఎనుబదియు సమాధానమే, ఇరువదియు సమాధానమే. గతసభలో మేము మౌనము వహించుటకు కారణమిదియే యని ఆ వృద్ధులు ఇప్పుడైన మన్నింతురు గాక.

మఱియొక చిక్కు: మూడేండ్ల డిపాజిటు వడ్డీని గడువు తీఱినపుడు ఒక్కసారిగా జమ వేసినచో ఆ యేడు వడ్డీ పదిలక్షల ఏబదివేలుగా కనబడును, ముందు రెండేండ్లు సున్న. ఒక్క యేటి కాగితము మాత్రమే చూచినవాడు కోటిన్నర యున్నదని సంతోషించును, వేఱొక యేటిది చూచినవాడు ఏమియు లేదని విలపించును. ఆదాయపుపన్ను మినహాయించి మిగిలినది మాత్రమే వ్రాసినచో అసలు తక్కువగా తోచును. అన్నిటికన్న మోసకారియైనది వేఱొకటి. బ్యాంకు మూతబడినను దాని అప్పులవారు మిగిలియుందురు. వారు చెల్లించు వడ్డీయు “వడ్డీ” యను పద్దుననే చేరవచ్చును. అది దాచిన సొమ్ము పుట్టించినది కాదు. పాత అప్పు వసూలు. ఆ రెంటిని వేఱు చేయనిది ఏ పంచరాశికమును పనికిరాదు. మాకు కాగితము నిచ్చిన కచేరీలో గుమాస్తా ఒకరు, “వడ్డీ అంతా ఒక్కటేనండీ” యని చెప్పిరి. వారి మర్యాదకు మేము కృతజ్ఞులమే గాని ఆ మాటతో ఏకీభవింపజాలము.

ఇట్లనుటచేత వడ్డీనుండి అసలు తెలియదని మా యభిప్రాయము కాదు. నాలుగైదేండ్ల వడ్డీ అంకెలను వరుసగా పేర్చి, ఆయా యేండ్ల డిపాజిటు రేట్లను ప్రక్కన వ్రాసికొని, పంపకములు జరిగిన తేదీలను గుర్తించినచో అసలు ఏ హద్దుల నడుమ నున్నదో చెప్పవచ్చును. వడ్డీ ఏటేట నిలుకడగా నుండి, పంపకము లేమియు లేకున్నచో, అచట పెద్దమొత్తము కదలక పడియున్నదని దాదాపు నిశ్చయముగా గ్రహింపవచ్చును. ఈ లెక్కకున్న బలమదియే. ఎంత యని నిక్కముగా చెప్పలేకున్నను, ఏల పంచలేదని అడుగు ధైర్యమిచ్చును.

ఆ ప్రశ్న ఊరకయే పుట్టినది కాదు. దివాలా వ్యవహారములలో సాధారణన్యాయమొకటి కలదు: అప్పులవాని క్లెయిము ఒక తేదీన ఘనీభవించును. మన జిల్లాలలో వ్యక్తులకును భాగస్వామ్యములకును వర్తించు 1920నాటి ప్రొవిన్షియల్ దివాలాచట్టము 61వ విభాగమున, అందఱి బాకీలును తీఱి ఇంకను మిగిలినచో మాత్రమే దివాలాతేదీనుండి నూటికి ఆఱు వంతున వడ్డీ యీయవలెనని కలదు. ఇచటను ఆఱే! సహకారబ్యాంకుల లిక్విడేషను ఈ చట్టము క్రిందిది కాదు, సహకారసంఘముల చట్టము క్రిందిది. అయినను పోలిక తెలిసికొనుట మంచిది. దాచిన మనకు వడ్డీ ఆగిపోవును. లిక్విడేటరు చేతిలోని సొమ్మునకు వడ్డీ పెరుగుచునే యుండును. ఆ పెరిగిన వడ్డీనుండి కచేరీ అద్దె, గుమాస్తాల జీతములు, వకీళ్ల ఫీజులు నడచుచుండును. పంపకము ఆలస్యమైనకొలది అసలు తఱుగనట్లు కనబడును, కాని దాచినవారి పాలు కాలముచేత తఱుగుచుండును. పిల్లవాని చదువునకు పనికిరావలసిన రూపాయి వాని పెండ్లినాటికి వచ్చిన ప్రయోజనమేమి?

నేటి డిపాజిటుదారునకు పూర్వులకు లేని రక్షణ యొకటి కలదు. 1960లో పాలాయి సెంట్రల్ బ్యాంకు పతనమైన పిదప డిపాజిట్ల భీమా కార్పొరేషను చట్టము వచ్చి 1962 జనవరి 1నుండి అమలైనది. తొలుత ఒక్కొక్క డిపాజిటుదారునకు 1,500 రూపాయల వఱకే భీమా. 1993లో అది లక్షయైనది. 2020 ఫిబ్రవరి 4నుండి అయిదు లక్షలు. 2021 సవరణచే, బ్యాంకుపై ఆంక్షలు విధించిన తొంబదిదినములలోపల భీమాసొమ్ము ఈయవలెనను నియమమును వచ్చినది. 2001లో హైదరాబాదు కృషి బ్యాంకును, తరువాతి యేండ్లలో చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి బ్యాంకులును పతనమైనపుడు పరిమితి లక్షయే. మన బ్యాంకు మూతబడిన నాటికిని అంతే. మన సంఘము పేర నున్న డిపాజిట్లన్నియు కలిపి ఒక్క డిపాజిటుదారు క్రిందనే లెక్క గావున మనకు లభించినది లక్షయే. మిగిలినదంతయు లిక్విడేటరు చేతిలోనిది. అదియును గాక, భీమా చెల్లించిన కార్పొరేషను ఆ డిపాజిటుదారుల స్థానమున నిలిచి తానిచ్చిన సొమ్మును లిక్విడేటరునుండి తిరిగి పొందు హక్కు కలది. కావున మనము వడ్డీనుండి ఎంత అసలును కట్టినను అది యంతయు మనకు పంచబడునని తలపరాదు. అందు కార్పొరేషను పాలెంత, ఖర్చులెంత, మిగిలినదెంత యను మూడు ప్రశ్నలు తప్పవు.

ఇవన్నియు ఆలోచించి కార్యవర్గము అనుమతితో మేము లిక్విడేటరుగారికి ఒక లేఖ వ్రాసితిమి. గడచిన ఆఱేండ్లలో ఏటేట పెట్టుబడులపై వచ్చిన వడ్డీయెంత, అప్పులవారినుండి వచ్చిన వడ్డీయెంత, రెండును వేఱువేఱుగా. ఏ బ్యాంకున ఏ రేటున ఏ తేదీనుండి డిపాజిట్లున్నవి. వడ్డీ పన్నుకు ముందటిదా, తరువాతిదా. భీమా కార్పొరేషనునకు ఇంకను చెల్లింపవలసినదెంత. కడపటి పంపకము ఎప్పుడు, రూపాయికి ఎన్ని పైసలు. కోర్టులలో మిగిలిన వ్యాజ్యములెన్ని యని యడిగితిమి. అసలెంత యని మాత్రము అడుగలేదు. ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము వచ్చినచో అసలు మేమే కట్టుకొనగలము. రానిచో అసలడిగినను రాదు. లేఖ అందినట్లు రసీదు వచ్చినది. ప్రత్యుత్తరము ఇంకను రాలేదు.

మన సంఘనిధియే కాక, అదే బ్యాంకులో సొంత డిపాజిట్లు కోల్పోయిన కుటుంబములు తాటిపాక, రాజోలు, నగరము, మామిడికుదురు ప్రాంతములలో చాలగలవని వినుచున్నాము. అట్టివారు తమ డిపాజిటు రసీదుల నకళ్లను, లిక్విడేటరునుండి వచ్చిన పాతకాగితము లేవైన నున్నచో వాటిని, ముఖ్యముగా నాలుగైదేండ్లవి, ఈ సభకు వెంట తేవలెనని కోరుచున్నాము. ఒక యేటి కాగితము ఒక యింట, మఱియొక యేటిది వేఱొక యింట ఉండవచ్చును. అన్నియు ఒకచోట చేరినపుడు గాని వరుస కుదురదు. తాటిపాకలో సభ జరుగు రెండుదినములును మధ్యాహ్నభోజనానంతరము వసతిగృహపు తూర్పుగదిలో మేము పలకతో, లెక్కపుస్తకముతో కూర్చుందుము. చత్వారము వచ్చిన కన్నులు గావున అక్షరములు వ్రాసిపెట్టుటకు గణితము వచ్చిన విద్యార్థులిద్దఱిని కార్యదర్శిగారు మాకు తోడిచ్చెదమని వాగ్దానము చేసిరి.